రేకుల షెడ్డుకు పాతిక బస్తాల సిమెంటు

మీ ప్రశ్న చదివాను, పెరటి ఫొటో చూశాను. శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో సొంత ఇల్లు, ఇంటి పక్కన 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఖాళీ స్థలం. జీడిపిక్కల బస్తాలకు, ధాన్యానికి, ట్రాక్టరుకు నీడ కావాలి. స్లాబు వేద్దామంటే మేస్త్రీ చెప్పిన లెక్కకు గుండె గుభేలుమంది. అమెరికాలో స్తంభాలు పాతి, పది రోజుల్లో పెద్ద సాలలు లేపుతున్న వీడియోలు చూశారు. అది మన దగ్గర కుదురుతుందా, తుఫానుకు నిలుస్తుందా అన్నది మీ సందేహం.

కుదురుతుంది. నిలవడమన్నది మాత్రం వీడియోలో చూపించని చోట తేలుతుంది. ఇరవై ఏడేళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో షెడ్లు వేస్తున్నాను. నేను వేసిన వాటిలో మూడు గాలికి పోయాయి. ఆ మూడింటి సంగతి దాచకుండా చెబితేనే మీకు ఉపయోగం.

ముందు అమెరికా సంగతి. 1930లలో పంటల ధరలు పడిపోయి, డబ్బుకు కటకటలాడుతున్న రోజుల్లో అక్కడ ఈ పద్ధతి పుంజుకుంది. వాడేసిన టెలిఫోను స్తంభాల్లాంటివి తెచ్చి నేలలో లోతుగా పాతేవారు. వాటి మీదే కప్పు నిలిపేవారు. చుట్టూ పునాది గోడ లేదు, బరువు మోసే గోడ అసలే లేదు. చెక్కో రేకో చుట్టూ తొడిగితే అది తెర మాత్రమే. మన పశువుల సాల కూడా అచ్చంగా ఇదే కదా. రాటలు పాతి, తాటి దూలం ఎక్కించి, వాసాలు, పెండెలు కట్టి, తాటాకు నేసేవాళ్లం. మీ తాతగారి చేత చెప్పించుకుంటే వీడియో కంటే బాగా చెబుతారు. వాళ్లకూ మనకూ తేడా రెండు చోట్ల ఉంది. అక్కడ మందు ఎక్కించిన కలప దొరుకుతుంది, ఇక్కడ నేలలో పెట్టిన ప్రతి కర్రకూ చెదలు కాచుకుని ఉంటాయి. అక్కడి చలి ప్రాంతాల్లో శీతాకాలంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది కాబట్టి దానికి దిగువ దాకా గొయ్యి తవ్వుతారు. మనకు ఆ బాధ లేదు, మనకున్నది అక్టోబరు నెల.

2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తేదీలు చూడండి, ఎవరో క్యాలెండరు పెట్టుకుని పంపినట్టున్నాయి.

స్లాబు ఎందుకంత ఖరీదంటే దాని బరువు వల్ల. అయిదంగుళాల మందం స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు పైగా ఉంటుంది. ఆ బరువు మోయడానికి బీములు, బీములు మోయడానికి స్తంభాలు, వాటి కింద పుటింగులు, అంటే కాంక్రీటు పాదాలు. ఖర్చంతా బరువు వెంట నడుస్తుంది. రేకు కప్పు చదరపు మీటరుకు నాలుగయిదు కిలోలు. కింద ఇనుము కలిపి లెక్కేసినా మీ 600 చదరపు అడుగుల షెడ్డు మొత్తం ఒకటిన్నర టన్ను దాటదు. ట్రాక్టరుకు నీడ కోసం స్లాబు వేయడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. నా అనుభవంలో షెడ్డుకు అయ్యే ఖర్చు స్లాబు గది ఖర్చులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది.

అయితే ఆ తేలికదనమే షెడ్డుకు ఎసరు పెడుతుంది. స్లాబును గాలి లేపలేదు. రేకును లేపుతుంది. అందుకే స్లాబు ఇంటికి పునాది మోయడానికి, రేకుల షెడ్డుకు పునాది పట్టి ఉంచడానికి. ఈ ముక్క బుర్రకెక్కని మేస్త్రీకి మీ పని ఇవ్వకండి.

కాస్త లెక్క చూద్దాం, భయపడకండి. మన విశాఖ తీరానికి భవనాల గాలి ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, సెకనుకు 50 మీటర్ల వేగం చెబుతుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మీ షెడ్డు కప్పు 56 చదరపు మీటర్లు. గాలి కప్పు మీదుగా పోతూ పైకి పీల్చే బలం ఎనిమిది టన్నుల పైమాటే. షెడ్డు బరువు ఒకటిన్నర టన్ను, లాగే బలం ఎనిమిది టన్నులు. మిగిలిందంతా ఎవరు పట్టుకోవాలి? గోతుల్లో కాంక్రీటు పట్టుకోవాలి. పది అడుగులకొకటి చొప్పున మీకు ఎనిమిది స్తంభాలు వస్తాయి. సగటున ఒక్కో దాని మీద టన్ను లాగుడు, మధ్య స్తంభాల మీద ఇంకా ఎక్కువ.

మామూలుగా ఏం చేస్తారో తెలుసుగా. అడుగు వెడల్పు, అడుగు పొడవు, రెండడుగుల లోతు గొయ్యి. అందులో పైపు నిలబెట్టి కాంక్రీటు కుక్కి, మర్నాడే ట్రస్సు, అంటే కప్పు మోసే ఇనుప చట్రం, ఎక్కిస్తారు. ఆ గోతిలో పట్టే కాంక్రీటు రెండు ఘనపుటడుగులు, బరువు 136 కిలోలు. టన్ను బలంతో లాగేదానికి 136 కిలోల అడ్డు! రెండడుగుల చదరం, నాలుగడుగుల లోతు తవ్వితే 16 ఘనపుటడుగులు పడుతుంది, బరువు 1,080 కిలోల పైన. దానికి చుట్టూ ఉన్న మట్టి పట్టు తోడవుతుంది. ఎనిమిది గోతులకు మొదటి పద్ధతిలో మూడు బస్తాల సిమెంటు, రెండో పద్ధతిలో 1:2:4 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) సుమారు పాతిక బస్తాలు. తేడా ఇరవై రెండు బస్తాలు, కొంత కంకర, ఇసుక, ఇద్దరు కూలీలకు రెండు రోజుల పని. మొత్తం షెడ్డు ఖర్చులో ఇది ఏ మూలకు?

2018కి ముందు నాకూ ఇంత పట్టింపు లేదు. వజ్రపుకొత్తూరు వైపు ఒక జీడి వ్యాపారికి 40 అడుగుల షెడ్డు వేశాను. నాలుగంగుళాల పైపులు, మంచి రేకులు, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. తిత్లీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. చెట్లు అడ్డంగా పడి దారి లేక నేను అక్కడికి నాలుగో రోజున గానీ చేరలేకపోయాను. షెడ్డు ఉండాల్సిన చోట గచ్చు, తడిసి మొలకెత్తబోతున్న పిక్కల బస్తాలు మాత్రం ఉన్నాయి. కప్పు మొత్తం, ట్రస్సులతో, పైపులతో సహా, పక్క జీడితోటలో వెల్లకిలా పడి ఉంది. కాళ్లు పైకెత్తి పడ్డ పురుగులా. ఒక్క రేకు కూడా ఊడలేదు! స్క్రూలు అంత బాగా బిగించాను మరి.

గోతుల దగ్గరికి వెళ్లి చూశాను. సగం చోట్ల పైపుతో పాటు కాంక్రీటు ముద్ద కూడా పన్ను పీకినట్టు వచ్చేసింది. మిగతా సగం చోట్ల కాంక్రీటు నేలలోనే ఉంది, దాని మధ్యలో నాలుగంగుళాల గుండ్రటి రంధ్రం. లోపలికి వేళ్లు పెట్టి చూస్తే గాజు గ్లాసులా నున్నగా ఉంది. పైపు దానిలోంచి జారి వచ్చేసింది. నున్నటి ఇనుప పైపును కాంక్రీటు అంతగా అంటిపెట్టుకోదన్న సంగతి ఆ రంధ్రంలో వేలు పెట్టేదాకా నాకు తట్టలేదు. యజమాని ఒక్క మాట అనలేదు. టీ ఇప్పించాడు. తిడితే బాగుండుననిపించింది.

అప్పటి నుంచి ప్రతి పైపుకూ అడుగున రెక్కలు పెడుతున్నాను. పైపు కింది అడుగు భాగంలో రెండు చోట్ల అడ్డంగా రంధ్రాలు చేసి, 16 మిల్లీమీటర్ల చువ్వ ముక్కలు అడ్డదిడ్డంగా దూర్చి వెల్డింగు చేయాలి. చివర ఒక పలక అంటించాలి. ఇక పైపు కదలాలంటే కాంక్రీటును చీల్చుకుని రావాలి. ఒక్కో పైపుకు అరగంట పని. మీరు దగ్గరుండి చూసి, ఆ తరువాతే గోతిలోకి దింపనివ్వండి. కాంక్రీటు పోశాక రెక్కలున్నాయో లేవో దేవుడికే తెలుస్తుంది.

మీ వైపు ఉద్దానం నేల చాలా చోట్ల ఇసుక పాలు ఎక్కువ. తవ్వుతుంటే గొయ్యి అంచులు విరిగి పడతాయి, పైకి గరాటులా వెడల్పవుతుంది, అడుగు ఇరుకవుతుంది. ఇది సరిగ్గా మనకు కావాల్సినదానికి తలకిందులు. అడుగున వెడల్పు, పైన ఇరుకు ఉండాలి. అప్పుడు కాంక్రీటు భుజాల మీద మట్టి బరువు కూర్చుంటుంది. ఇసుక నేలలో రెండున్నర అడుగుల చదరం తవ్వి, అడుగున అడుగు మందం కాంక్రీటు పలకలా పోసి, పైన పైపు చుట్టూ అడుగున్నర దిమ్మె పోసి, మిగతా చోటు తడిపి తడిపి మట్టితో దిమ్మిస చేయండి. విజయనగరం వైపు గట్టి ఎర్రనేలల్లో గునపానికి గోడలు నిలుస్తాయి కాబట్టి నేరుగా నింపేస్తే చాలు. కొత్తగా మట్టి పోసి ఎత్తు చేసిన స్థలమైతే పోసిన మట్టి లోతును లెక్కలోకి తీసుకోకండి, పాత నేల తగిలాక నాలుగడుగులు.

స్తంభాలకు ఏం వాడాలి? సరుగుడు కర్ర మీ వైపు చవక, కానీ నేలలో రెండు మూడేళ్లకు మించి నమ్మలేం. మొదలు కాల్చి, తారు పూస్తే ఇంకాస్త ఆగుతుంది. తాటి మాను బాగా చేవ పట్టినదైతే దూలంగా దానికి తిరుగు లేదు, నేలలో పాతే రాటగా మాత్రం నేను వాడను. పాత కరెంటు స్తంభాలు తెచ్చిస్తానని ఎవరో ఒకరు వస్తారు. వేలంలో కొన్న కాగితం చూపిస్తేనే తీసుకోండి. నా ఓటు నాలుగంగుళాల ఇనుప పైపుకే, అదీ మీడియం రకం. 20 అడుగుల పైపు కొంటే 10 పైన, 4 నేలలో పోగా ఆరడుగుల ముక్క మిగులుతుంది. దాన్ని పాత సామాను వాడికి అమ్మేయకండి. స్తంభానికీ ట్రస్సుకూ మధ్య మోచేతి మడతలా ఏటవాలుగా పెట్టడానికి అదే పనికొస్తుంది. ఆ ఏటవాలు ముక్కలు, పక్క స్తంభాల మధ్య గుణకారం గుర్తులా వేసే బ్రేసింగు లేని షెడ్డు అగ్గిపుల్లల బొమ్మ. పక్కకు తోస్తే పక్కకు ఒరుగుతుంది.

పైపు నేలను తాకేచోట తుప్పు మొదలవుతుంది. కాంక్రీటును నేల మట్టానికి ఆపేస్తే చుట్టూ నీళ్లు నిలుస్తాయి. మరో అరడుగు పైకి లేపి, వాలుగా చెక్కండి. ఎరువు బస్తాలు పైపుకు ఆనించవద్దు.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటికి వస్తాను. మూడు వైపులా రేకు కొట్టి, నాలుగో వైపు ట్రాక్టరు రావడానికి బార్లా వదిలేయడం. గాలి ఆ నోట్లోంచి లోపలికి వస్తుంది, బయటకు పోవడానికి దారి లేదు, కప్పును కింద నుంచి తోస్తుంది. పైన పీల్చడం, కింద తోయడం రెండూ కలిస్తే ఇందాక చెప్పిన ఎనిమిది టన్నులు పన్నెండు దాటుతుంది. నేను పోగొట్టుకున్న మూడు షెడ్లలో రెండు ఇలాంటివే. అయితే నాలుగు వైపులా వదిలేయండి, లేదంటే నాలుగు వైపులా మూసి, గట్టి గొళ్లేలున్న తలుపు పెట్టండి. మీరు పిక్కలు, ధాన్యం పెడతానంటున్నారు కాబట్టి మూసిందే మేలు. వీలైతే మధ్యలో అడ్డు కట్టి బస్తాల గది వేరుగా మూసేసి, ట్రాక్టరు భాగం పూర్తిగా తెరిచి ఉంచండి.

కప్పు ఆకారం సంగతి మన వాళ్లకు ఎప్పుడో తెలుసు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసే ఉంటారు. గుండ్రటి గోడ, నిటారు కప్పు, చేతికందే ఎత్తులో చూరు. గాలికి పట్టుకోవడానికి మూల దొరకదు, కిందికి దూరడానికి సందు దొరకదు. ఇంజినీరింగు చదవనివాళ్లు కట్టిన ఇళ్లవి. మీరు గుండ్రటి షెడ్డు కట్టనక్కర్లేదు గానీ వాలు మాత్రం బాగా ఇవ్వండి. 20 అడుగుల వెడల్పుకు కొప్పు దగ్గర అయిదడుగుల ఎత్తు తగ్గించవద్దు. వాలు తక్కువైతే ఇనుము కలిసొస్తుందని ఫ్యాబ్రికేటరు అంటాడు. వాలు తగ్గే కొద్దీ గాలి పీల్చడం పెరుగుతుందని అనడు. సముద్రం రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉంటే నాలుగు వాలుల కప్పు వేయించండి, కోత పని పెరిగినా సరే. చూరు బయటికి అడుగున్నర మించకూడదు. వర్షం జల్లు కొడుతుందని మూడడుగులు లాగితే గాలికి పిడి ఇచ్చినట్టే.

అంచుల దగ్గర, కొప్పు దగ్గర పర్లిన్లు, అంటే రేకుల కింద అడ్డంగా వేసే ఇనుప కమ్ములు, మూడడుగులకొకటి, మధ్యలో నాలుగడుగులకొకటి. అంచుల్లో రేకు ప్రతి గట్టుకూ (పైకి లేచిన మడతకూ) స్క్రూ, మధ్యలో గట్టు విడిచి గట్టుకు. స్క్రూ గట్టు మీద పడాలి, పల్లంలో పడితే నీళ్లు కారతాయి. వాషరు రబ్బరు నాసిరకమైతే మూడు ఎండలకు పెళుసవుతుంది. ట్రస్సును స్తంభానికి వెల్డింగు మాత్రమే చేసి వదిలేయకుండా పలకలు పెట్టి 16 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు బిగించండి. రేపు ఇంటికి అంతస్తు వేసుకునే రోజు వస్తే విప్పి మరోచోట నిలబెట్టుకోవచ్చు. సిమెంటు రేకులు వద్దు. ఎగిరొచ్చిన కొబ్బరి మట్ట తగిలినా పగులుతాయి. ఉప్పుగాలికి మామూలు జింకు పూత కంటే 55 శాతం అల్యూమినియం కలిసిన పూత ఎక్కువ కాలం ఆగుతుంది. దాని మీద లేత రంగు తీసుకుంటే వేడీ తగ్గుతుంది.

కొనేటప్పుడు ఒక తూకం యంత్రం పక్కన పెట్టుకోండి. అర మిల్లీమీటరు రేకని చెప్పి 0.35 అంటగట్టడం ఈ వ్యాపారంలో పాత విద్య. కంటికి తేడా తెలియదు, పైగా రంగు పూత మెరుస్తుంటుంది. నాలుగడుగుల వెడల్పు చుట్టలోంచి తీసిన 12 అడుగుల రేకు, అర మిల్లీమీటరుదైతే 17 కిలోల దగ్గర తూగాలి. 12 తూగిందంటే అది 0.35. పైపు కూడా అంతే, నాలుగంగుళాల మీడియం పైపు 20 అడుగులకు 73 కిలోల దాకా, తేలిక రకం 60 లోపు. ఎవరైనా చదరపు అడుగుకు ఇంత అని ధర చెబితే, ఎన్ని కిలోల ఇనుము వేస్తున్నావని అడగండి. ఈ కొలతలకు నా లెక్కలో చదరపు అడుగుకు రెండు కిలోలకు కాస్త తక్కువ వస్తుంది. ఒక కిలో అన్నవాడు చవకగానే చెబుతాడు.

తుఫాను హెచ్చరిక రాగానే రేకుల మీద ఇసుక బస్తాలు వేయడం ఊరూరా ఉంది. యాభై బస్తాలు ఎక్కించినా రెండు టన్నులు. ఎనిమిది టన్నుల లాగుడుకు అది ఏపాటి? రేకులు సొట్టపడతాయి, బస్తాలు జారి ఎవరి మీదైనా పడతాయి. మత్స్యకారుల ఊళ్లలో పాకల మీద పాత వల పరిచి, అంచులకు బరువులు కడతారే, అందులో అర్థముంది, ఆ వల ఆకును ఒక్కొక్కటిగా లేవనివ్వదు.

ఇంకో మాట తరచూ వింటాను: "2021లో గులాబ్ వచ్చినప్పుడు మా షెడ్డు చెక్కుచెదరలేదండీ." గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది, నిజమే. కానీ దాని గాలి గంటకు 75-85 కిలోమీటర్లు. తిత్లీది 140-150. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గులాబ్ తోసింది తిత్లీ తోసినదానిలో మూడో వంతు కూడా లేదు. ఆ పరీక్షలో పాసైనందుకు మురిసిపోకూడదు.

గచ్చు విషయం క్లుప్తంగా. వాన నీరు ఎంత ఎత్తు నిలుస్తుందో చూసి దానికి అడుగు పైన గ్రావెల్ పోసి దిమ్మిస చేయండి. దాని మీద మందపు పాలిథిన్ షీటు, ఆపైన నాలుగంగుళాల కాంక్రీటు. షీటు వేయకపోతే నేల చెమ్మ కింది వరుస బస్తాలకు ఎక్కుతుంది. ఎలాగూ చెక్క దిమ్మెల మీదే పేర్చాలి. కొప్పు దగ్గర గాలి బయటికి పోయే సందులు పెట్టించండి, జల్లు రాకుండా మూత ఉన్నవి.

కట్టే ముందు పంచాయతీలో అడగండి. పైన 11 కేవీ కరెంటు తీగ పోతుంటే దాని కింద అసలు వద్దు, పక్కకైనా కనీసం 1.2 మీటర్లు ఎడం ఉండాలి. కొబ్బరి చెట్టు పడితే చేరేంత దూరంలో స్తంభం పాతకండి. మీ పెరటి ఫొటోలో ఎడమ చెట్టు నాకు నచ్చలేదు.

ఒకవేళ ఈ షెడ్డులో అమ్మానాన్నలకు మంచం వేద్దామన్న ఆలోచన ఉంటే, నా సలహా మొత్తం వెనక్కి తీసుకుంటాను. మనుషులు పడుకునే చోటు, తుఫాను రాత్రి తల దాచుకునే చోటు స్లాబే కావాలి, చిన్న గదైనా సరే. షెడ్డు సరుకుకూ ట్రాక్టరుకూ.

పని జనవరిలో మొదలుపెట్టండి. కాంక్రీటును పది రోజులు తడుపుతూ ఉండండి, ఆ తరువాతే ట్రస్సు ఎక్కించనివ్వండి. గోతులు తవ్వాక, కాంక్రీటు పోయకముందు, ఎనిమిదింటిలోనూ కొలత కర్ర నిలబెట్టి ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. రెక్కలు వెల్డింగు చేసిన పైపుల అడుగులు కూడా. రాత్రి తొమ్మిది తరువాత ఖాళీగా ఉంటాను, చూసి చెబుతాను.